చాటెడు తవుడుకు కొన్న పేరు

భూదేవి పేరు భూదేవి అని తార్నాకలో ఒక్కరికి తెలిస్తే ఒట్టు. చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు తిరిగే మూల మీద, పొద్దుగూకే వేళ పొయ్యి రాజేసి జొన్నరొట్టెలు చేస్తుంది కాబట్టి ఆమె రొట్టెలమ్మ. బస్సు కండక్టర్లకు రొట్టెలమ్మ, హాస్టల్ పిల్లలకు రొట్టెలమ్మ, ఆఖరుకు గది కిరాయికిచ్చిన ఇంటాయనకు కూడా రొట్టెలమ్మే. దానికి ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. "పిలిస్తే పలుకుతున్న గద, ఇంకేం గావాలె?" అనేది. రేపు ఆ మూల మీద ఇంకొకామె కూచుని రొట్టెలు కొడితే ఆమే రొట్టెలమ్మ అవుతుంది. అది పనికి ఉన్న పేరు గానీ మనిషికి ఉన్న పేరు కాదు. ఆ సంగతి భూదేవికి ఎరుకే.

కొడుకు పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమె లెక్క వేరు. వాడి పేరు పెంటయ్య. పొయ్యి ఆర్పి, పెనం చల్లారినాక, "పెంటయ్యా!" అని నోరారా ఒక కేక వేసేది. గల్లీలో గది ముందు అరుగు మీద పుస్తకం పట్టుకుని కూచున్నవాడు "ఆఁ, ఇక్కడున్ననే" అని లేచి వచ్చి పెనమూ పిండి డబ్బా మోసుకుపోయేవాడు. వాడు కనిపిస్తూనే ఉన్నా పిలిచేది. ఎదురుగా వచ్చి నిలబడ్డా పిలిచేది. "కండ్ల ముందట్నే ఉన్న గదనే, గంత కేకెందుకు?" అని వాడు విసుక్కునేవాడు. వాడు "ఆఁ" అన్నాడు గదా, ఆమెకు అది చాలు.

వాడేం చిన్నపిల్లవాడు కాదు. భాషాశాస్త్రంలో ఎమ్మే చేసి, అదే డిపార్టుమెంటులో పీహెచ్‌డీ చేస్తూ, కొత్తగా చేరిన పిల్లలకు అప్పుడప్పుడు పాఠాలు చెప్పేవాడు. పై నెలలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరబోతున్నాడు. అది తొంభై ఆరో సంవత్సరం. మొగుడు పోయినాక భువనగిరి పక్క పల్లె నుంచి కొడుకును వెంటేసుకుని పట్నం వచ్చిన భూదేవికి, ఆ మాట విన్నరోజు కాళ్ళు నేల మీద నిలవలేదు. వచ్చినవాళ్ళందరికీ ఒక రొట్టె ఎక్కువ పెట్టింది.

ఆ సంబరం ఇంకా చల్లారకముందే ఒక సాయంత్రం కృపారాణి వచ్చింది. పెంటయ్యతో పాటు పరిశోధన చేసే పిల్ల, తెనాలి దగ్గర ఒక పల్లెలో బడిపంతులు కూతురు. మెస్సులో అన్నం బాగాలేని రోజున భూదేవి పొయ్యి దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూచోవడం ఆమెకు అలవాటు.

"ఇవాళ ప్రశాంత్ కనపడలేదేంటమ్మా?" అంది రొట్టె తుంచుతూ.

"ప్రశాంత్ ఎవలు బిడ్డా?"

కృపారాణి నాలుక కరుచుకుంది. కానీ మాట జారిపోయింది, ఇక దాచి ఏం లాభం? "అదేనమ్మా, మన పెంటయ్య. పేరు మార్చుకుంటున్నాడు కదా. మమ్మల్నందరినీ ఇప్పటినుంచే అలా పిలవమన్నాడు. మీకు చెప్పలేదా?"

పెనం మీది రొట్టె మాడి పొగ లేచింది. భూదేవి చూస్తూనే ఉంది, తిప్పలేదు. కృపారాణే అట్లకాడ తీసుకుని దాన్ని పక్కకు లాగింది.

కాసేపటికి కొడుకు వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి సంగతి అర్థం చేసుకున్నాడు. తల వంచుకుని చెప్పాడు. సోమవారం కోర్టు దగ్గర వకీలును కలుస్తాడట. కాలేజీలో చేరేనాటికి కొత్త పేరు కాగితాల మీదికి ఎక్కాలట.

"క్లాసుల పేర్ల గురించే చెప్తున్ననే అమ్మా," అన్నాడు. "చెట్టు అంటే ఏ చెట్టుకైనా చెల్లుతది. ఊరు అంటే ఏ ఊరికైనా చెల్లుతది. పిల్ల అన్నా గంతే, ఏ పిల్లకైనా చెల్లుతది. అవి అందరి పేర్లు. గదే తార్నాక అంటే గీ తార్నాక ఒక్కటే. గసొంటి సొంత పేర్లకు అర్థం ఎతకొద్దు, అవి ఉత్త గుర్తులు, బంగారయ్య ఇంట్ల బంగారం ఉండాల్నని ఏం లేదు అని చెప్తున్న. ఎనక బెంచీ పిలగాడు లేచి, 'సార్, అయితే మీ పేరుకు గూడ అర్థం ఎతకొద్దా?' అన్నడు. క్లాసంత పగలబడి నవ్విండ్రు. నేను గూడ నవ్వినట్టు చేసిన. గంట అయ్యేదాక గాడ ఎట్ల నిలబడ్డనో నాకే ఎరుక."

"అర్థం లేదని పాఠం చెప్పి, అర్థానికి జడిసి మార్చుకుంటున్నావు. బాగుందయ్యా నీ వరస!" అని కృపారాణి దెప్పింది.

"నీకేం, నీది కృపారాణి. ఎన్నన్న చెప్తవ్."

ఆ మాటకు ఆ పిల్ల రొట్టె సగం వదిలేసి లేచిపోయింది.

భూదేవికి కోపం వస్తే బాగుండేది. నాలుగు తిట్లు తిట్టి, రెండు ఏడుపులు ఏడ్చి తేలికపడేది. రాలేదు. భయమేసింది.

ఆ పేరు ఊరికే వచ్చింది కాదు మరి. పెంటయ్యకు ముందు భూదేవికి ముగ్గురు. మొదట మగపిల్లవాడు, తర్వాత ఆడపిల్ల, తర్వాత మళ్ళీ మగపిల్లవాడు. పేరు పెట్టే నాటిదాకా ఒక్కరూ దక్కలేదు. ఒక్కొక్కసారి ఉయ్యాల కట్టడం, విప్పడం. నాలుగోసారి నెలలు నిండినప్పుడు ఊరి ముసలమ్మలు కూచోబెట్టి చెప్పారు. పుట్టిన బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టాలి. పరాయి మనిషి వచ్చి, ఎవరి బిడ్డో దొరికిందని ఎత్తుకోవాలి. తల్లి ఆ మనిషికి చాటెడు తవుడిచ్చి ఆ బిడ్డను కొనుక్కోవాలి. పేరు కూడా ఆ కుప్ప పేరే పెట్టాలి. చావు ముద్దు పేర్ల వెంట పడుతుంది గానీ, తవుడుకు కొన్న పెంటకుప్ప బిడ్డను చూసి ముక్కు మూసుకుని పక్క నుంచి పోతుందట. ఆ పొద్దు కుప్ప మీది బిడ్డను ఎత్తుకున్నది వాడకట్టులో చివరింటి రాహేలు. మంత్రసాని. భూదేవి నలుగురు బిడ్డల బొడ్డూ కోసిన చెయ్యి ఆమెదే.

పెంటయ్య బతికాడు. అది మొక్కు మహిమో, మంచి కాలమో ఎవరు చెప్పొచ్చారు? బతికాడు, అంతే.

"గా పేరు నీ మీద కప్పు బిడ్డా. దాన్ని ఎట్ల తీస్తవ్?" అంది భూదేవి.

"అమ్మా, వాళ్లు మందూ మాకూ లేక పోయిన్రే. పేరు లేక గాదు."

"అయ్యుంటది. నేను కాదంటలేను. కాని నువ్వు దేనితోని బతికినవో నాకెరుక లేదు గద! ఏ గుంజ మీద ఇల్లు నిలబడ్డదో తెల్వనప్పుడు ఏ గుంజనూ పీకొద్దు బిడ్డా."

వాడు చేతులు రెండూ తల మీద పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. "నీ గుంజ నన్ను దినాం సంపుతున్నదే" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అందుకే ఆ మాట భూదేవికి సూటిగా తగిలింది. తను కాపాడాలని పెట్టిన పేరు వాణ్ణి కాపాడుతూనే ఇన్నాళ్ళూ కాల్చిందా? చెప్పనైనా చెప్పలేదే ఈ పిచ్చి సన్నాసి!

మర్నాడు సాయంత్రం పొయ్యి ఆర్పి, పెనం చల్లారినాక, అలవాటు కొద్దీ నోరు తెరిచింది. పాత పేరు పిలిస్తే పక్కన టీ తాగుతున్న హాస్టల్ పిల్లలు తల తిప్పి చూస్తారు, కొడుకు మొహం మాడిపోతుంది. కొత్త పేరు పిలుద్దామంటే నాలుక మీదికి రాదు. తెరిచిన నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"పిలగా!"

కొడుకు లేచి వచ్చాడు. పెనం ఎత్తుకున్నాడు. వాడేమీ పట్టించుకోలేదు. భూదేవి మాత్రం అక్కడే కూలబడింది. ముందు పోయినవాళ్ళను పిలిచింది ఆ మాటతోనే. పిలగాడు పాలు తాగిండా, పిల్ల ఏడుస్తున్నదా, చిన్నపిలగాడు కండ్లు తెరిచిండా. ఇంకో మాటతో పిలవడానికి వాళ్ళు ఉండలేదు. ఇరవయ్యేళ్ళు దాటినా మళ్ళీ నోట రానివ్వని ఆ మాట ఇప్పుడు ఈ బిడ్డ మీదికి వచ్చి పడింది. ఆ తర్వాత రెండు మూడు రోజులు వాణ్ణి ఏమనీ పిలవలేదు. పెనం తానే మోసుకుంది.

శుక్రవారం పొద్దున్నే చీర కొంగు బిగించి సీతాఫల్‌మండికి నడిచింది. రాహేలు అక్కడ కొడుకు యోహాను రైల్వే క్వార్టర్లో ఉంటుంది. ముసలిదైపోయింది, ఒక కంటికి మసక, కానీ నోరు మాత్రం ఎప్పటిదే. భూదేవి చెప్పిందంతా వింది.

"పేరు మారితే ఏమైతదే భూదేవీ? పుట్టినప్పుడు నేను పోశవ్వను. బాప్తిస్మంల రాహేలునైన. ఏమైంది? ముసలిదాన్నైన, గంతే."

"నువ్వు దేవునికి జెప్పి మార్చుకున్నవక్కా. వీడు వకీలుకు జెప్పి మార్చుకుంటుండు."

రాహేలు నవ్వీ నవ్వీ దగ్గింది. దగ్గు తగ్గినాక భూదేవి మొహం చూసి నవ్వు మానేసింది. "నన్నేం జెయ్యమంటవ్?"

"ఆ పొద్దు బేరం నడిచింది నీకు నాకు నడుమ. పేరు మార్చాలంటే బేరం మళ్ల జెయ్యాలె. వాణ్ణి మళ్ల కుప్ప మీద పెడత. నువ్వు ఎత్తుకో. కొత్త పేరుతోని నాకు అమ్ము. ఆ పేరు గూడ కొన్నదే అయితది, వానికేం గాదు."

అంటే భూదేవి ఒప్పుకున్నట్టే గదా! కొడుకు కోసం ఆ పేరు వదులుకోవడానికి సిద్ధపడింది. కాకపోతే వదులుకోవడానికి కూడా ఒక పద్ధతి ఉండాలంది.

"మా పాస్టరయ్యకు తెలిస్తే ప్రసంగమంత నా మీదనే చెప్తడు," అంది రాహేలు. "కానియ్. ప్రభువు ఆ పొద్దు నా మనసెరుగు, ఈ పొద్దూ ఎరుగు. ఆదివారం చర్చికి పొయ్యేముంగట వస్త."

ఇక మిగిలింది కొడుకును ఒప్పించడం. వాడు విని తెల్లబోయాడు.

"లెక్చరర్ కావాల్సినోణ్ణి కుప్ప మీద పండాల్నా? నీకేమన్న పిచ్చి లేసిందానే?"

"పండొద్దు. కూసుంటె చాలు."

"ఎవలన్న చూస్తే?"

భూదేవి బియ్యం చాట ముందు పెట్టుకుని రాళ్ళు ఏరుతూ ఉండిపోయింది. వాడు చెప్పులు వేసుకుని గడప దాకా పోయి ఆగాడు.

"ఈ నడుమ నన్ను పిలుస్తలేవేందే?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"ఏమని పిలువాలె?" అంది భూదేవి.

వాడు గడప మీదే కూచున్నాడు. ఎంతసేపు కూచున్నాడో, గల్లీలో కూరగాయల బండి వచ్చి, అమ్మి, వెళ్ళిపోయింది. "సరే. యూనివర్సిటీల పెడదాం. ఆదివారం ఎవ్వలుండరు," అన్నాడు.

ఆదివారం పొద్దున డిపార్టుమెంటు వెనక నిజంగానే నరపురుగు కూడా లేదు. వారమంతా స్వీపర్లు ఊడ్చి పోసిన ఎండుటాకులు గోడ పక్కన నడుమెత్తు కుప్పగా ఉన్నాయి. భూదేవి చాటలో తవుడు తెచ్చింది, లాలాపేట పాలాయన్ని బతిమాలి తెచ్చిన తవుడు. రాహేలు తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి చంకకు తగిలించుకుని, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. పెంటయ్య ఇస్త్రీ ప్యాంటుతో వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. తర్వాత వెళ్ళి ఆకుల కుప్ప మీద కూచున్నాడు. ఆకులు కరకరమని నలిగాయి. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. చూస్తే నవ్వు రావాల్సిందే. ఎవరూ నవ్వలేదు.

రాహేలు దగ్గరికి పోయి, మసక కన్ను చికిలించి, ఊరంతా వినాలన్నట్టు గొంతెత్తింది. "ఇదెవల బిడ్డ? కుప్ప మీద పడ్డది! భూదేవీ, నీ బిడ్డేనా?"

ఇక్కడ తల్లి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ పొద్దు పచ్చి బాలెంత భూదేవి ఆ మాటను కళ్ళు మూసుకుని, ఎండిన నోటితో, చెప్పాలి కాబట్టి చెప్పేసింది. ఇప్పుడూ మొదలుపెట్టింది. "నా బిడ్డ గాదు. నా పిల్లలు పోయిన్రు. ముగ్గురు..."

కుప్ప మీది నుంచి కొడుకు తల ఎత్తాడు.

"వాళ్ల పేర్లేందే అమ్మా? ఎన్నడూ చెప్పలే నాకు."

"పేర్లు లేవు బిడ్డా. పెట్టేదాక ఉండలే."

"మరి ఏమని యాది చేసుకుంటవ్?"

"పిలగాడు. పిల్ల. చిన్నపిలగాడు."

పిల్ల అంటే ఏ పిల్లకైనా చెల్లుతుందని క్లాసులో చెప్పి వచ్చిన నోరు అది. ఒక ఎండుటాకు చేతిలోకి తీసుకుని పొడిపొడి చేశాడు. భూదేవి కొంగుతో మొహం తుడుచుకుని చాట సర్దుకుంది. ఆరంభించిన పని ఆపగూడదు.

రాహేలు చెయ్యి చాపింది. చంటిబిడ్డను ఎత్తినంత సుళువా ఇది? వాడే ఆ ముసలి చెయ్యి పట్టుకుని, ఆమె మీద బరువు పడకుండా లేచాడు. ఆమె వాణ్ణి విడవకుండా పట్టుకునే అడిగింది.

"దొరికిన బిడ్డ. ఎవలు కొంటరు?"

"నేను కొంట."

"ఏమిస్తవ్?"

"చాటెడు తవుడు."

"కొని ఏం పేరు పెట్టుకుంటవ్?"

తార్నాక నుంచి అక్కడిదాకా భూదేవి ఆ కొత్త పేరును నోట్లో నానబెట్టుకుంటూనే వచ్చింది. ప్రశాంత్, ప్రశాంత్ అని. ఇప్పుడు చెప్పబోయింది. కానీ కొడుకు ముందే అన్నాడు.

"పెంటయ్య."

ఇద్దరాడవాళ్ళూ వాణ్ణే చూస్తూ నిలబడిపోయారు.

"అదే ఉండనియ్ అమ్మా. నవ్వేటోళ్లు నవ్వుతరు. ఎందుకు పెట్టిన్రో చెప్త వాళ్లకు. ప్రశాంత్ అన్నది మంచి పేరు, నేనే ఎతికి ఎతికి పట్టుకున్న. దాన్ని పెద్దన్నకు పెట్టు."

చాట ఒక పక్కకు ఒరిగి కొంచెం తవుడు కింద ఒలికింది. రాహేలు వాడి చెయ్యి వదిలి, తన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుంది. "పెద్దోడు," అంది మెల్లగా. "నల్లగ ఉండె. పొడుగు చేతులు. నా వేలు పట్టుకుంటే ఇడిచెటోడు గాదు. ప్రశాంత్. మంచిగున్నది భూదేవీ. వానికి మంచిగున్నది."

ఆ చేతుల సంగతి తనకు తప్ప ఇంకొకరికి గుర్తుందని భూదేవి అనుకోలేదు. ఆకుల పక్కనే నేల మీద కూచుని, ఏళ్ళ తరబడి పట్టి ఉంచిన ఏడుపంతా ఏడ్చింది. కొడుకు పక్కన కూచుని వీపు మీద చెయ్యి వేశాడు. ఏడుపు సన్నగిల్లినాక ఆమె, ఎవరో వింటారేమోనన్నంత చిన్న గొంతుతో చెప్పింది.

"పిల్లకు నేను ఒక పేరు అనుకున్న బిడ్డా. కడుపుల ఉన్నప్పుడే. సుజాత. మన ఊరి బళ్లెకు కొత్తగ వచ్చిన పంతులమ్మ పేరు. తెల్ల చీర గట్టుకొని గొడుగు వేసుకొని వస్తుండె. మీ నాయినకు గూడ జెప్పలే. చిన్నోనికి గుట్ట మీద మొక్కుకున్న, యాదగిరి అని. పెద్దోనికే ఏం అనుకోలే. అప్పటికి నాకేం తెలుసు? పేరు అత్త పెడతదిలే, నాకెందుకు అనుకున్న."

"పిలువవే భూదేవీ," అంది రాహేలు. "ఒక్కపారి నోరార పిలువు."

భూదేవి లేచి నిలబడింది. పొయ్యి ఆర్పి, పెనం చల్లారినాక పిలిచినట్టే పిలిచింది. డిపార్టుమెంటు గోడకు తగిలి ఆ కేక తిరిగి వచ్చింది.

"ప్రశాంతూ!"

ఆటలో ఉన్న పిల్లవాడు వినిపించుకుని ఇంటికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది.

"సుజాతా!"

మళ్ళీ ఆగింది. రాహేలు పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోందేమో.

"యాదగిరీ!"

ఎవరూ రాలేదు. వస్తారని ఆమె అనుకోనూ లేదు. కళ్ళు తుడుచుకుని పక్కకు తిరిగింది. ప్యాంటు నిండా ఆకులంటుకుని, చేతికి అందేంత దూరంలో నిలబడ్డ కొడుకును చూస్తూనే, గొంతు ఏమాత్రం తగ్గించకుండా పిలిచింది.

"పెంటయ్యా!"

"ఆఁ, ఇక్కడున్ననే," అన్నాడు వాడు.